పరాసు మాటతో మూసిన ఊట

పిల్లలూ, ఎదురుగా సముద్రమంత నీళ్లుండి కూడా తాగడానికి గుక్కెడు దొరకని ఊరి సంగతి చెబుతాను, వినండి.

ఆ ఊరి పేరు మకరపురి. పెద్ద రేవు. దేశదేశాల ఓడలు అక్కడికి వచ్చి పట్టుబట్టలూ మిరియాలూ ఎక్కించుకుని పోయేవి. సిరికి లోటు లేదు కానీ ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీరే పడేది. మకరపురిని ఏలే చిత్రభాను మహారాజు ఎందరినో రప్పించి, ఎన్నో చేయించి, చివరికి అన్సెల్ము అనే పరాసు మాంత్రికుణ్ణి ఆశ్రయించాడు. ఫ్రెంచి దేశంవాళ్లను ఆ తీరంలో పరాసులు అనేవారు. అన్సెల్ముకు మంత్రాలే కాదు, రాళ్లు పేర్చే విద్య కూడా బాగా తెలుసు. అతను దూరాన నీలిశిఖరం మీద తియ్యటి ఊటను కనిపెట్టాడు. అక్కడినుంచి లోయల మీదుగా ఎత్తైన రాతి కమానులు కట్టి, వాటి మీద కాలువ పారించి, నీళ్లను మకరపురి నడిబొడ్డుకు తెచ్చాడు.

నీళ్లు వచ్చిన రోజున నిండుసభలో అన్సెల్ము లేచి నిలబడ్డాడు. తెలుగులో నాలుగు ముక్కలు చెప్పాలని అతనికి ఎంతో కోరిక.

"మారాజా! మీకు నీలు తెచ్చాను. ఈ కాలువ పేరు మా భాషలో ఆకదుక్" అన్నాడు.

"నీలు తెచ్చాడట!" అని ఒక సామంతుడు పకపకా నవ్వాడు.

"ఆకూ దుక్కీ కూడా తెచ్చాడట! ఆకు మేసి దుక్కి దున్నుతాడు కాబోలు!" అన్నాడు ఇంకొకడు.

సభంతా గొల్లుమంది. అందరితో పాటు మహారాజు కూడా కళ్లవెంట నీళ్లు కారేటట్టు నవ్వాడు. నవ్వనివాళ్లు ఇద్దరే. ఒకరు పరాసు మాటల్ని తెలుగులోకి మార్చి చెప్పే దుబాసి భావన్న. రెండోవారు అతని కూతురు పేరిందేవి.

అన్సెల్ము ముఖం కందిపోయింది. అతను చేతికర్రతో నేలను కొట్టి తన భాషలో ఏదో అన్నాడు. భావన్న దాన్ని తెలుగులో చెప్పాడు.

"'నా మాటను ముక్కలు చేసి నవ్వారు. దాన్ని సరిగ్గా ముక్కలు చేయగలిగినవాళ్లు, దాని వేరు వెతికి పట్టుకోగలిగినవాళ్లు వచ్చేదాకా ఈ ఊరికి నీళ్లు రావు' అంటున్నాడు, మహారాజా."

సాయంత్రానికల్లా కాలువ ఎండిపోయింది. అన్సెల్ము మాయమయ్యాడు.

తరవాత మకరపురి పడిన కష్టం ఇంతా అంతా కాదు. పసిపిల్లలు దాహంతో ఏడ్చేవారు. పశువులు కమానుల కింద చేరి మంచుకు తడిసిన రాళ్లను నాకేవి. నీలిశిఖరానికి వెళ్లిన వీరులు వెనక్కి రాలేదు. పండితులు వెళ్లారు, వాళ్లూ రాలేదు. చివరికి భావన్న వెళ్లాడు. అతను కూడా తిరిగి రాకపోయేసరికి పేరిందేవి రాజుగారి దగ్గరికి వచ్చింది.

"మహారాజా, నేను నీలిశిఖరానికి వెళతాను. సెలవిప్పించండి."

చిత్రభానుడి పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. ఆయన తన వంతు నీళ్లు కూడా పసిపిల్లల ఇళ్లకు పంపించేస్తున్నాడు. "అమ్మాయీ, మీ నాన్నంతటివాడే రాలేదు కదా తల్లీ" అన్నాడు.

"అందుకేనండి వెళతానంటున్నాను. నాన్న నాకు పరాసు నేర్పారు. రేవులోని చర్చి పాదిరిగారు లాటిన్ నేర్పారు. మన మాటలు చాలావాటికి సంస్కృతం పుట్టిల్లయినట్టు, పరాసు మాటలకు లాటిన్ పుట్టిల్లు. ఆయన వేరు వెతకమన్నాడు. నేను వెతకగలను."

"సైన్యాన్ని తోడిస్తాను."

"సైన్యానికి అక్కడ పనేముందండి? ఒక తిత్తి నీళ్లిప్పించండి, చాలు."

ఆమె కళ్లలోని ధైర్యం చూసి రాజు ఒప్పుకున్నాడు. తిత్తి తెప్పించి తన చేతులతోనే ఇచ్చాడు. అది అందుకుని పేరిందేవి ఇంటికి వెళ్లి తల్లి పాదాలకు మొక్కి, ఎండిన కాలువ వెంబడే నడక సాగించింది.

ఊళ్లు దాటింది. చిట్టడవులు దాటింది. ఒకచోట కమానులు కూలిపోయి ఉన్నాయి. ఎదురుగా అడుగు కనిపించని లోయ. ఒడ్డున కొందరు మనుషులు రాతిబొమ్మలై నిలబడి ఉన్నారు. వాళ్లలో మకరపురి సేనాపతి కూడా ఉన్నాడు. వాళ్ల వెనక బండమీద ఒక పెద్ద గండభేరుండం, ఒకే మొండెం మీద రెండు తలలతో కూర్చుని, తనలో తానే పోట్లాడుకుంటోంది.

"మొన్న పెద్దముక్క నువ్వే మింగావు!" అంటోంది ఎడమతల.

"నాకు ముల్లు దిగింది, అది చెప్పవేం?" అంటోంది కుడితల.

పేరిందేవి దగ్గరికి వెళ్లి నమస్కరించింది. "పక్షిరాజా, నన్ను అవతలి ఒడ్డుకు చేర్చాలి."

"చేరుస్తాం. కానీ మేం తినేది మాటలే. అన్సెల్ము అలా మంత్రించాడు. మేమొక పరాసు మాట చెబుతాం. దాన్ని నువ్వు రెండుగా విడదీసి మాకు చెరొక ముక్కా పెట్టాలి. సరిగా పంచితే ఎగురుతాం. తప్పు పంచావో, వీళ్ల పక్కన నువ్వూ రాయివై నిలబడతావు" అంది కుడితల.

"పెట్టండి పరీక్ష."

"కనాల్. కాలువ అని అర్థం."

పేరిందేవి మాటను నోట్లో మెల్లగా తిప్పి చూసుకుంది. రెండు అచ్చుల నడుమ ఒకే ఒక్క హల్లు ఉంది. ఒంటరి హల్లు ఎప్పుడూ తన వెనకాల వచ్చే అచ్చు చెయ్యే పట్టుకుంటుంది.

"కుడితలా, నీకు 'క'. ఎడమతలా, నీకు 'నాల్'" అంది.

రెండు తలలూ గుటుక్కున మింగాయి. గండభేరుండం రెక్కలు విప్పి, ఆమెను వీపుమీద ఎక్కించుకుని లోయలోకి దూకింది. గాలి చెవుల్లో హోరుమంటోంది. నడిలోయకు వచ్చేసరికి పక్షి రెక్కలు ఆడించడం ఆపేసి గాలిలో తేలింది.

"ఆకలేస్తోంది. మర్ది. మంగళవారం అని అర్థం. పంచు!" అంది ఎడమతల.

పక్షి మెల్లగా కిందికి జారుతోంది. 'మ' ఒకరికి, 'ర్ది' ఒకరికి అనబోయి పేరిందేవి ఆగింది. తెలుగులో రాసేటప్పుడు అలాగే విడిపోతుంది, నిజమే. కానీ నోరు అలా పలకడం లేదు. పద్యం చదివేటప్పుడు జంట హల్లు ముందున్న అక్షరం గురువు ఎందుకవుతుంది? జంటలో మొదటి హల్లు వెనక్కి వచ్చి దానిమీద ఆనుతుంది కాబట్టే. పరాసులు చెవికి వినబడినట్టే విడదీస్తారు.

"కుడితలకు 'మర్'. ఎడమతలకు 'ది'!" అని గట్టిగా అరిచింది.

"అబ్బ! మొదటిసారి నాకు కడుపునిండా దొరికింది!" అంది కుడితల. రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. పక్షి పైకి లేచింది. అవతలి ఒడ్డు కనిపిస్తుండగా మళ్లీ ఆగింది.

"సెక్రే. రహస్యం అని అర్థం. ఆ సేనాపతిని ఒడ్డునే రాయి చేసిన మాట ఇదే" అంది కుడితల.

ఇక్కడా రెండు హల్లులే. ఇందాకటిలాగే మధ్యకు కోస్తే 'సెక్' ఒకటి, 'రే' ఒకటి అవుతాయి. సేనాపతి అలాగే కోసి ఉంటాడు. పేరిందేవి పెదవులు కదిపి చూసుకుంది. 'క' పక్కకు 'ర' వచ్చి చేరితే ఆ రెండూ ఒక్క ఊపులో నోట్లోంచి బయటికొస్తున్నాయి. వాటిని విడదీయకూడదు.

"నీకు 'సె' మాత్రమే. ఎడమతలకు 'క్రే'" అంది నిబ్బరంగా.

ఎడమతల ఆనందంతో కూత పెట్టింది. పక్షి ఆమెను పచ్చికమీద మెత్తగా దింపింది.

అక్కడినుంచి దట్టమైన అడవి. చెట్ల కొనలమీద పొగమంచు కుచ్చుటోపీల్లా కూర్చుని ఉంది. దారికి అడ్డంగా తాటిచెట్టంత ఎత్తున ఒక రాక్షసి నిలబడి ఉంది. ఆమె కూడా మొనదేలిన టోపీ పెట్టుకుంది. అంత పెద్దదీ వెక్కివెక్కి ఏడుస్తోంది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని అడిగింది పేరిందేవి.

"ఎవరికి చెప్పుకోను? మీ ఊరి పండితులొచ్చి నన్ను 'ఓ రక్కసీ' అన్నారు. రాక్షసినైన నన్ను రక్కసిని చేశారు! నా పేరులో సగం తినేశారు. కోపమొచ్చి అందర్నీ రాళ్లను చేసేశాను."

పేరిందేవికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఒక్క నవ్వుతో తన ఊరికి ఏం జరిగిందో ఆమెకు తెలుసు.

"అది తిట్టు కాదమ్మా. మా అమ్మ కూడా కథ చెప్పేటప్పుడు రక్కసి అనే అంటుంది. నోళ్లలో నలిగి నలిగి మాట మెత్తబడుతుంది. అగ్ని అగ్గి అయింది, విద్య విద్దె అయింది. వాటి విలువేమైనా తగ్గిందా?"

రాక్షసి ముక్కు చీదుకుని ఆమెవైపు చూసింది. "అలాగైతే నా బాధ నీకు తెలుస్తుంది. నాకూ ఒక పరాసు పేరుంది, 'బెత్'. మృగం అని అర్థం. ఈ అడవి పేరు 'ఫొరె'. నాకు ఇష్టమైనది 'ఫెత్', అంటే పండుగ. మూడు మాటలూ రాతలో నెత్తిన టోపీ పెట్టుకుంటాయి. ఆ టోపీ ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. నువ్వు చెబితే దారి వదులుతాను."

పేరిందేవి నేలమీద కూర్చుని పుల్లతో మూడు మాటలూ పరాసు లిపిలో రాసింది. నిజమే, ప్రతిదాంట్లో ఒక అక్షరం మీద చిన్న టోపీ ఉంది. వాటి పక్కనే పాదిరిగారు నేర్పిన లాటిన్ మాటలు ఒక్కొక్కటే గుర్తుచేసుకుని రాసింది. మృగానికి బెస్తియ. అడవికి ఫొరెస్త. పండుగకు ఫెస్త. రాస్తూ రాస్తూనే ఆమె ముఖం వికసించింది.

"ఇదిగో చూడమ్మా. మూడింట్లోనూ ఒకప్పుడు 'స' ఉండేది. ఎన్నో తరాలు పలికేసరికి అది జారిపోయింది. పరాసులు మాత్రం దాన్ని మరిచిపోలేదు. అది కూర్చున్న చోటును టోపీతో గుర్తుపెట్టుకున్నారు."

"అయితే నా పేరులోది పోయినట్టేనా?" అంది రాక్షసి.

"మా దగ్గరా అంతే. స్నేహమన్న మాటలో 'స' జారిపోతే నెయ్యమైంది. స్నేహమన్నా నెయ్యమన్నా కలిసి కూర్చునేది ఆ ఇద్దరు స్నేహితులే కదమ్మా."

రాక్షసి చాలాసేపు ఆ రాతనే చూసింది. తరవాత వంగి, అరచేత్తో పేరిందేవిని ఎత్తి భుజంమీద కూర్చోబెట్టుకుంది.

"దారి వదలడమేమిటి, నేనే మోసుకెళతాను పద. నాతో ఇలా ఎవరూ మాట్లాడలేదు" అంది.

ఇద్దరూ నీలిశిఖరం చేరారు. కొండ నుదుట పెద్ద రాతి తలుపు బిగుసుకుని ఉంది. ఎండిపోయిన కాలువ అక్కడే మొదలవుతోంది. తలుపు ముందు ఒక రాతిబొమ్మ, రెండు చేతులూ నోటి దగ్గర దోసిలిగా పట్టి, దేన్నో పిలుస్తున్నట్టు నిలబడి ఉంది.

"నాన్నా!" అని పరుగెత్తి పేరిందేవి ఆ చల్లటి రాతిని కౌగిలించుకుంది. భావన్న కళ్లు రాతివే, కానీ నుదుటిమీద ముడతలు అచ్చం అవే. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. "నేను నిద్రపోతున్నప్పుడు నన్ను దాటి వచ్చి ఉంటాడు" అంటూ రాక్షసి ఆమెకు ఎండ తగలకుండా అడ్డం నిలబడింది.

కాసేపటికి పేరిందేవి కళ్లు తుడుచుకుని లేచింది. తలుపు దగ్గరికి వెళ్లి చేత్తో తట్టింది. లోపలినుంచి నీళ్లు గలగలలాడినట్టు ఒక గొంతు వినబడింది.

"నేను నీటిని. పరాసులు నన్ను 'ఓ' అంటారు. వేలమంది నోళ్లలో అరిగి అరిగి అంత చిన్నదాన్నయ్యాను. నా మొదటి పేరుతో పిలిస్తే వస్తాను. 'ఓ' అని పిలిస్తే రాను. ఒక్కసారే పిలవాలి, తప్పితే రాయివవుతావు."

తండ్రి ఎందుకు ఓడిపోయాడో ఆమెకు అర్థమైంది. ఆయనకు పరాసు క్షుణ్ణంగా వచ్చు, లాటిన్ రాదు. కానీ తనకు మాత్రం తెలుసా? పాదిరిగారు అడవికీ పండుగకూ మాటలు చెప్పారు. నీటికి చెప్పలేదు.

"ఏం చేద్దామే?" అంది రాక్షసి ఆదుర్దాగా.

"వెతుకుదాం. మాట పోయినా ఎక్కడో ఒకచోట దాని వేరు మిగిలే ఉంటుంది."

ఆమె చుట్టూ చూసింది. తలుపు పైన కమానుమీద అన్సెల్ము తన కాలువ పేరు చెక్కించి ఉంచాడు. ఆకదుక్. సభ నవ్విన మాట అదే. పేరిందేవి దాన్ని పలుకులుగా విడదీసింది. ఆ, క, దుక్. అలా విడదీస్తే పలకడానికి బాగుంది కానీ అర్థం దొరకలేదు. పలుకులు వేరు, వేళ్లు వేరు అనుకుని మళ్లీ మొదలుపెట్టింది. 'దుక్' తనకు తెలుసు. పరాసుల్లో ఒక పెద్ద ప్రభువును దుక్ అంటారు. ముందుండి నడిపించేవాడని దాని పుట్టుక. కాలువ దేన్ని నడిపిస్తుంది? నీటినే కదా! అయితే 'దుక్'కు ముందున్న ముక్కే నీరు.

"ఆక!" అంది రాక్షసి ఉత్సాహంగా. "పిలిచెయ్, పిలిచెయ్!"

"ఆగమ్మా. ఆ చెక్కడం చూడు. 'క' తరవాత 'ఉ' అనే అక్షరం కూడా ఉంది. ఇప్పటి పరాసులు దాన్ని రాస్తారు, పలకరు. ఊరికే ఎవరు రాసుకుంటారు? పూర్వం పలికే ఉంటారు." ఆమె వేలితో గాలిలో రాసుకుంది. "బెస్తియ, ఫొరెస్త, ఫెస్త, అన్నీ చివర అకారంతోనే ముగిశాయి. ఇదీ అలాగే ముగియాలి, పిలుపులో ఆ అకారం ఆకారంగా సాగాలి. 'ఆక్' తరవాత 'ఉ', ఆ పైన 'ఆ'. ఉకారం మీద ఆకారం వస్తే ఏమవుతుంది?"

"నాకేం తెలుసే తల్లీ?"

"సు, ఆగతం కలిస్తే స్వాగతం. ఉ, ఆ కలిస్తే వా!"

పేరిందేవి తలుపుకు ఎదురుగా నిలబడింది. ఒక్కసారి తండ్రివైపు చూసింది. తరవాత గుండెనిండా గాలి పీల్చుకుని, నిండుగొంతుతో పిలిచింది.

"ఆక్వా!"

కొండ కదిలింది. రాతి తలుపు మీద వెంట్రుకంత గీత పడింది. అది చిట్లింది, పగిలింది. మరుక్షణం తెల్లటి నీటి ప్రవాహం హోరుమంటూ దూకింది. రాక్షసి పేరిందేవిని చటుక్కున పైకెత్తకపోతే కొట్టుకుపోయేదే. నీళ్లు భావన్న రాతిబొమ్మను నిలువునా తడిపేశాయి. ముందు జుట్టు కదిలింది. తరవాత ముక్కుపుటాలు అదిరాయి. ఆయన ఉక్కిరిబిక్కిరై, నోట్లో నీళ్లు ఉమ్మి, "పేరీ! నువ్వెలా వచ్చావే ఇక్కడికి?" అన్నాడు.

"మీరు నేర్పిన మాటలు పట్టుకుని వచ్చాను నాన్నా" అని ఆమె తడిబట్టలతోనే తండ్రిని చుట్టేసుకుంది.

నీటి వెనకనుంచి మోకాలిలోతులో నడుస్తూ అన్సెల్ము బయటికి వచ్చాడు. గడ్డం నడుముదాకా పెరిగి ఉంది. కోపంలో వేసిన మంత్రం అతన్ని కూడా లోపలే బంధించేసింది.

"నా మాటను ఎవరు పలికారు?" అని పరాసులో అడిగాడు.

"నేను" అంది పేరిందేవి పరాసులోనే. "మీరు కట్టిన కాలువ అందమైనది. దాని పేరు ఇంకా అందమైనది."

ఆ మాట వినగానే ముసలి మాంత్రికుడి కళ్లు చెమ్మగిల్లాయి. "నాకు నవ్వు బాధ కలిగించింది, నిజమే. కానీ దాహంతో ఏడ్చిన పిల్లలు నన్ను చూసి నవ్వలేదు. నేను తప్పు చేశాను" అన్నాడు.

వాళ్లు కొండ దిగి లోయ చేరేసరికి, మంత్రం విడిపోయి, రాళ్లయిన వీరులూ పండితులూ ఒళ్లు దులుపుకుని మళ్లీ మనుషులయ్యారు. కూలిన కమానులను అన్సెల్ము మంత్రంతో నిలబెట్టాడు. రాళ్లు అందించే పని రాక్షసి చేసింది. నీళ్లు ముందు, వీళ్లు వెనక, అందరూ మకరపురి దారి పట్టారు.

ఊళ్లోకి నీళ్లు చేరగానే జనం కడవలు మరిచిపోయి దోసిళ్లతో తాగారు. పిల్లలు కాలువలోకే దూకేశారు. చిత్రభాను మహారాజు కిరీటం తీసి పక్కన పెట్టి, కాలినడకన కోట బయటికి వచ్చాడు. భావన్నను పక్కకు పిలిచి చెవిలో ఏదో అడిగాడు. భావన్న చెప్పినదాన్ని పెదవులతో మళ్లీ మళ్లీ వల్లించుకున్నాడు. తరవాత జనమంతా చూస్తుండగా అన్సెల్ము ముందు నిలబడి, ఒక్కొక్క పలుకే కూడబలుక్కుని అన్నాడు.

"పర్... దోఁ."

మన్నించమని ఆ మాటకు అర్థం. రాజుగారి నోట అది కాస్త వంకరగానే వచ్చింది. జనంలో ఒక్కరూ నవ్వలేదు.

"ఆ మాటలో ఏ వేళ్లున్నాయో తెలుసా, మహారాజా?" అని అడిగింది పేరిందేవి. "పర్ అంటే పూర్తిగా. రెండోది మన దానానికి చుట్టం. పూర్తిగా ఇచ్చేయడమని దాని పుట్టుక."

"నేను అడగవలసిందీ అదే, ఈయన ఇవ్వవలసిందీ అదే" అన్నాడు రాజు.

"ఇచ్చాను, మహారాజా. పూర్తిగా" అన్నాడు అన్సెల్ము, రాజు రెండు చేతులూ పట్టుకుని. "మీరు కూడా నాకు ఇవ్వాలి."

"ఇచ్చాను."

ఆ రోజునే చిత్రభానుడు పేరిందేవిని మకరపురికి మహామంత్రిణిగా ప్రకటించాడు. ఇక ఆ రేవులో ఏ దేశంవాడు దిగినా, ముందు అతని మాటలు చెవి ఒగ్గి వినడం, తరవాతే బేరమాడడం ఆమె పెట్టిన రివాజు. అన్సెల్ము ఆ ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నాడు. రాక్షసి కమానులకు కావలి ఉండి, దారిన పోయే పిల్లలను భుజాలమీద ఊరేగించేది. పేరిందేవి చాలాకాలం చల్లగా, నిండుగా బతికింది. ఆమె పిలిచిన నీళ్లు ఆ ఊరిని మళ్లీ ఎన్నడూ విడిచిపోలేదు.